రంగుకు ముందు గోడ: సెంటినరీ కాలనీ, రామగుండం బొగ్గు ప్రాంతం

ఇంటి బయటి గోడకు రంగు వేసే ముందు కడగడం, గీకడం, పర్రెలు పూడ్చడం, లప్పం పెట్టడం, గరుకు కాగితంతో రుద్దడం, ప్రైమర్ కొట్టడం ఉంటాయి. ఇవన్నీ కలిపితే గోడను సిద్ధం చేసే పని. రంగుల కంపెనీలు ఇన్నేళ్లు అన్ని ఏళ్లు అంటూ ఇచ్చే హామీలు ఈ పని సరిగా జరిగితేనే చెల్లుతాయి. ఆ షరతు చిన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి చదివేవాళ్లు తక్కువ. ఎక్కడి గోడకైనా ఎండా వానా తప్పవు. పెద్దపల్లి జిల్లా రామగిరి మండలంలోని సెంటినరీ కాలనీ, దాని చుట్టుపక్కల బొగ్గు ఊళ్లలో వాటికి బొగ్గు దుమ్ము, బూడిద, బ్లాస్టింగ్ అదురు తోడవుతాయి. అందుకే రంగుల కంపెనీ పుస్తకంలో ఉన్న పద్ధతి ఇక్కడ కొన్నిచోట్ల సరిపోదు, కొన్నిచోట్ల క్రమం మారుతుంది.

ప్రాంతం

ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్న సంగతిని భారత భూగర్భ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి తవ్వకం హక్కులు దక్కాయి, 1889లో బొగ్గు పైకి రావడం మొదలైంది. సింగరేణి కాలరీస్ కంపెనీ అన్న పేరు 1920 డిసెంబర్ 23న స్థిరపడింది. సెంటినరీ కాలనీ పేరులో ఉన్నది 1889 నుంచి లెక్కపెట్టిన ఆ నూరేళ్లే. ఇప్పుడు కంపెనీలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. రామగుండం-3 ఏరియా ఓపెన్‌కాస్ట్ గనులు, అడ్రియాల లాంగ్‌వాల్ గని ఈ కాలనీకి దగ్గరివి. జేఎన్‌టీయూ మంథని ఇంజనీరింగ్ కాలేజీ కూడా ఇక్కడే పన్నూరు దగ్గర ఉంది. ఇంకాస్త దూరంలో 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ రామగుండం కేంద్రం, బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ ఉన్నాయి.

ఇక్కడి గోడలు రెండు రకాలు. మొదటిది కంపెనీ క్వార్టర్. దాని రంగు, మరమ్మతు సివిల్ విభాగం చూసుకుంటుంది, ఉండేవాళ్ల ప్రమేయం తక్కువ. రెండోది కాలనీ బయట కల్వచర్ల, బేగంపేట, గోదావరిఖని వైపు లేచిన సొంత ఇల్లు. ముప్ఫయ్యేళ్లు క్వార్టర్‌లో ఉన్న కార్మికుడు రిటైరయ్యే ముందో తర్వాతో ఇల్లు కట్టుకుంటాడు. బాయి (భూగర్భ గని) పైకప్పును తట్టి చప్పుడు విని గట్టిదో కాదో చెప్పగలిగిన మనిషి తన ఇంటి గోడను తట్టి చూడాలన్న ఆలోచన మాత్రం చేయడు. అప్పటిదాకా ఆ గోడ బాధ్యత తనది కాదు మరి. నిజానికి ఆ విద్య ఇక్కడా అచ్చంగా పనికొస్తుంది, ఆ సంగతి తర్వాత.

సున్నం, స్నోసెమ్, ఎమల్షన్

రంగు నిలిచేదీ లేనిదీ చాలావరకు దాని కింద ఏముందన్న దానిమీదే ఉంటుంది. కాబట్టి గోడ చరిత్ర తెలుసుకోవడం మొదటి పని. తెలంగాణ పల్లెల్లో పాత పద్ధతి సున్నం. సున్నపురాయిని కాల్చి, నీళ్లలో ఉడికించి, గుడ్డలో వడకట్టి, కొద్దిగా బంక, నీలిమందు కలిపి కుంచెతో కొట్టేవారు. గోడ అడుగున జాజుతో ఎర్రని పట్టీ వేసేవారు. అది అందం కోసమే అనుకుంటాం గానీ చూరు నీళ్లు నేలమీద పడి చిందే ఎర్రమట్టి మరకను దాచేది అదే. ఈ రోజు అపార్టుమెంట్ల అడుగున ముదురు రంగు పట్టీ వేస్తున్నవాళ్లు తెలియకుండా ఆ పద్ధతినే పాటిస్తున్నారు.

తడిసిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. గోడను ఊపిరి పీల్చనిస్తుంది, లోపలి చెమ్మ బయటికి పోతుంది. దాని బలం అంతవరకే. ఏటా దసరాకో సంక్రాంతికో, పెళ్లికో ఒక పూత చొప్పున ఇరవై ఏళ్లు కొడితే గోడమీద అట్టలు అట్టలుగా పేరుకుంటుంది. ఆ అట్టల మీద నేరుగా ఎమల్షన్ వేస్తే ఎమల్షన్ ఆరుతూ కుదించుకుని కింది సున్నాన్ని పట్టుకుని లాగేస్తుంది, రెండు వర్షాలకు పెచ్చులుగా రాలుతుంది. ఇంటివాళ్లు రంగు కంపెనీని తిట్టుకుంటారు. రాలిన పెచ్చును తిప్పి చూస్తే వెనకవైపు తెల్లని సున్నం కనిపిస్తుంది. రంగు సున్నాన్ని గట్టిగానే పట్టుకుంది, సున్నమే గోడను వదిలేసింది. సున్నం ఉన్న గోడను ఇటుక మీది పూత కనిపించేదాకా గీకాలి. సగం గీకి సగం వదిలేసేకంటే మళ్లీ సున్నమే కొట్టుకోవడం నయం.

సిమెంటు రంగుల్ని, ఏ కంపెనీవైనా సరే, మనవాళ్లు స్నోసెమ్ అనే పిలుస్తారు. దాని లెక్క వేరు. అది సిమెంటు పొడి కాబట్టి వేసే ముందు గోడను తడపాలి, వేశాక కూడా నీళ్లు చల్లి తడుపుతూ ఉండాలి. ఎమల్షన్‌కు పూర్తిగా ఎదురు పద్ధతి, గోడ ఎండి ఉండాలి. స్నోసెమ్‌కు అలవాటుపడ్డ చేయి ఎమల్షన్‌కూ గోడ తడిపితే బుడగలు వస్తాయి. ఎమల్షన్‌కు అలవాటుపడ్డ చేయి స్నోసెమ్‌ను ఎండు గోడకు కొట్టి వదిలేస్తే ఏడాదికి పొడిగా రాలి చేతికి అంటుతుంది. కొత్త గోడకు ప్రైమర్ ఖర్చు తప్పించుకోవడానికి తెల్ల సిమెంటు కొట్టించే అలవాటు ఉంది కదా, దానికీ ఇదే వర్తిస్తుంది. తడపని తెల్ల సిమెంటు గట్టిపడదు. దాని మీద వేసిన రంగు పిండి మీద వేసినట్టే.

అమెరికాలో ఉండే మనవాళ్లు ఇంటి రంగు గురించి చెప్పేది ఇక్కడ సగం కుదరదు. అక్కడ చాలా ఇళ్ల వెలుపలి భాగం చెక్క, దాన్ని గీకి, సందులు మూసి, నూనె ప్రైమర్ కొట్టడమే అక్కడి పని. ఇక్కడిది ఇటుక, సిమెంటు పూత. కొత్త సిమెంటు పూత క్షారం, నూనె రంగు దానికి తగిలితే సబ్బులా మారి జిగటగా కారుతుంది. అందుకే కొత్త గోడకు కనీసం 28 రోజులు ఆగాలంటారు.

దుమ్ము

బొగ్గు ప్రాంతంలో గోడను సిద్ధం చేయడమంటే ముందుగా దుమ్మును గుర్తించడం. తడి అరచేత్తో గోడను రుద్ది చూస్తే నాలుగు సంగతులు తెలుస్తాయి. అరచేయి నల్లగా, కొంచెం జిడ్డుగా ఉంటే బొగ్గు పొడి. బూడిదరంగులో పౌడర్‌లా మెత్తగా ఉంటే థర్మల్ కేంద్రపు బూడిద. ఎర్రగా, గరుగ్గా ఉంటే రోడ్డు మట్టి, లేదా బొగ్గు పైనున్న ఇసుకరాతి పొరను తవ్వి పోసిన మట్టిదిబ్బల దుమ్ము. చేతికి గోడరంగే అంటితే అది దుమ్ము కాదు, పాత రంగులోని బంక ఎండకు చచ్చి రంగు సుద్దలా రాలుతోందన్నమాట. మొదటి మూడూ కడిగితే పోతాయి. నాలుగోది కడిగినా మళ్లీ రాలుతుంది, దాన్ని రుద్ది తీసి, మిగిలినదాన్ని గోడలోకి ఇంకి బిగించే ప్రైమర్‌తో పట్టించాలి.

బొగ్గు పొడికి నీళ్లంటే పడదు. బక్కెట్ నీళ్లలో బొగ్గు పొడి చల్లితే చాలాసేపు పైనే తేలుతుంది. గనుల్లో దుమ్ము అణచడానికి చల్లే నీళ్లలో తడిపే మందు కలపడానికి కారణం ఇదే. గోడమీదా అంతే. ఒట్టి నీళ్ల పైపుతో కొడితే పొడి చారలుగా కిందికి జారి గరుకు పూత సందుల్లోనే ఉండిపోతుంది, గోడ తడిసినంతసేపు శుభ్రంగా కనిపిస్తుంది, ఆరాక మళ్లీ మసక. బట్టల సబ్బు పొడి కలిపిన నీళ్లు పట్టించి, పది నిమిషాలు నానబెట్టి, నైలాన్ బ్రష్‌తో రుద్ది కడగాలి. సబ్బు నీళ్లు కింది నుంచి పైకి పట్టించాలి, కడగడం మాత్రం పై నుంచి కిందికి. పై నుంచి సబ్బు పట్టిస్తే కిందికి జారిన మురికి ధారలు ఎండి గీతలుగా కరుచుకుంటాయి. చివరికి సబ్బు జిడ్డు కూడా మిగలకూడదు, మిగిలితే రంగుకు అదో కొత్త దుమ్ము.

ఇనుప తీగల బ్రష్‌తో సిమెంటు గోడ రుద్దితే తీగ ముక్కలు విరిగి గరుకులో ఇరుక్కుంటాయి, వానాకాలంలో లేత రంగు మీద తుప్పు చుక్కలై కనిపిస్తాయి. అది గేట్లకు, గ్రిల్స్‌కు వాడాల్సింది. ఒత్తిడి నీళ్ల మిషన్ ఈ మధ్య అద్దెకు దొరుకుతోంది. మంచిదే, కానీ దగ్గర పెట్టి కొడితే సిమెంటు పూతే లేచిపోతుంది, నీళ్లు పర్రెల్లోంచి గోడ లోపలికి వెళ్తాయి. కరెంటు బోర్డుల వైపు, కిటికీ చౌకట్ల సందుల వైపు దాన్ని తిప్పకూడదు.

దుమ్ము ఎక్కువగా నిలిచేది గోడమీద కాదు. సజ్జా పైన, కిటికీ గట్టుపైన, పిట్టగోడ తలమీద, వెంటిలేటర్ జాలీల్లో పోగవుతుంది. వాన పడగానే అక్కడ పేరుకున్నదంతా ధారకట్టి కింది గోడమీద నల్ల చారలు తీస్తుంది. కొత్త రంగు వేసిన మొదటి వానకే కిటికీల కింద కన్నీళ్ల చారల్లా కనిపించేవి ఇవే. సజ్జా అడుగున, అంచుకు కాస్త లోపలగా, వేలు పట్టేంత గాడి ఉంటే నీళ్లు అక్కడే తెగి నేలమీద పడతాయి. గాడి లేకపోతే సజ్జా అడుగును పట్టుకుని గోడదాకా పాకుతాయి. చాలా ఇళ్లలో ఆ గాడి ఉండదు, లేదా పాత లప్పం, రంగు దాన్ని పూడ్చేసి ఉంటాయి. రంగు పనిలో భాగంగానే ఆ గాడి తవ్వించడం లేదా శుభ్రం చేయించడం నా దృష్టిలో ఇంకో పూత రంగు కంటే విలువైనది.

ఇంకో సంగతి, బయటి ప్రాంతాల్లో గోడలన్నీ ఒకేసారి కడిగేసి వారం తర్వాత రంగు మొదలుపెడతారు. ఇక్కడ ఆ వారంలో దుమ్ము మళ్లీ కూర్చుంటుంది. ఒక్కో వైపు గోడను కడిగి, ఆరబెట్టి, ప్రైమర్ కొట్టి తర్వాతి వైపుకు పోవడం మేలు. ప్రైమర్‌కు, రంగుకు మధ్య రెండు రోజులు గడిచినా ఆ పొద్దున ఎండు బ్రష్‌తో గోడ తుడవాలి. అరచేతిపరీక్ష ప్రతి పూతకూ ముందు చేయాల్సిందే.

థర్మల్ పొగ వల్ల గోడ నల్లబడుతోందన్న మాట ఇక్కడ తరచూ వినిపిస్తుంది. మన గోండ్వానా బొగ్గులో గంధకం తక్కువ, బూడిద ఎక్కువ. యూరప్ నగరాల్లో గంధకపు పొగ సున్నపురాతిని తిని నల్ల పెచ్చులు కట్టించినట్టు ఇక్కడ జరిగేది తక్కువ. ఇక్కడి నలుపు చాలావరకు పైపైన కూర్చున్న పొడి, కడిగితే పోయేది.

నీళ్లు

ఉరిసే ఇంటికి రంగు వేయడం కంటే వృథా ఖర్చు ఇంకోటి లేదు. గోడ సిద్ధం చేసే పని మేడమీద మొదలుకావాలి. పిట్టగోడ, స్లాబ్ కలిసే మూల, వాన నీళ్లు పోయే పైపు నోరు, ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపు, బాత్రూం బయటి గోడ చూసుకోవాలి. ఆ మూలలో సిమెంటును వాలుగా, గుండ్రంగా పూసి ఉండాలి. పైపు నోట్లో రావి మొలక ఉంటే పీకేస్తే చాలదు, వేరు చచ్చేలా మందు వేసి ఆ సందు మూయాలి. పెద్దయ్యాక అది గోడనే చీలుస్తుంది.

గోడ అడుగున రెండు మూడు అడుగుల ఎత్తుదాకా పొక్కులు, తెల్లని ఉప్పు పొడి కనిపిస్తే నేలలోంచి చెమ్మ ఎక్కుతోందని అర్థం. నల్లరేగడి నేలమీద కట్టిన ఇళ్లలో, గోడకు ఆనించి పూలమొక్కలు పెట్టి రోజూ నీళ్లుపోసే ఇళ్లలో ఇది ఎక్కువ. మనవాళ్లు చౌడు పట్టిందంటారు. ఆ ఉప్పును నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకి ఇంకి, ఆరగానే తిరిగి పైకి వస్తుంది. ఎండు బ్రష్‌తో దులిపి, ఆ పొడిని చేటలోకి ఎత్తి పారేయాలి. వారం తర్వాత చూడాలి, మళ్లీ వస్తే చెమ్మ దారి ఇంకా తెరిచే ఉంది. దాన్ని మూయకుండా మీద ఎంత ఖరీదైన వాటర్‌ప్రూఫ్ పూత వేసినా ఉప్పు దాన్ని వెనక నుంచి తోసేస్తుంది. మొక్కల కుండీలు జరపడం, గోడ వెంట నీళ్లు నిలవకుండా వాలు చేయడం, మరీ ముదిరితే పూతంతా తీసి కొత్తగా పూయడం తప్ప దగ్గరి దారి లేదు. అడుగు భాగంలో సున్నమో స్నోసెమ్మో వేసి ఆరనివ్వడం కొన్ని ఇళ్లకు ఎమల్షన్ కంటే నప్పుతుంది.

నాచు, అదే పాకురు, ఉత్తరం వైపు గోడలమీదా, ట్యాంకు పైపు కిందా, చెట్టు నీడలోనూ పడుతుంది. గీకి రంగు వేస్తే పూర్తిగా పోదు, ఏడాదికి రంగును చీల్చుకుని నల్లచుక్కలై లేస్తుంది. బ్లీచింగ్ నీళ్లు పట్టించి పావుగంట నానబెట్టి రుద్ది కడగాలి. ఇక్కడొక ప్రమాదం ఉంది. చౌడుకు కొందరు యాసిడ్ వాడతారు, నాచుకు బ్లీచింగ్. ఈ రెండూ ఒకే బక్కెట్‌లో, ఒకే గోడమీద కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది. యాసిడ్ అసలు వాడకుండా గడిచిపోయే పని ఇది, వాడకపోవడమే మంచిది.

గోడ ఆరిందో లేదో కంటికి తెలియదు. చదరపు అడుగు ప్లాస్టిక్ కవరును నాలుగు వైపులా టేపుతో గోడకు అతికించి రాత్రంతా ఉంచితే తెలుస్తుంది. పొద్దున లోపలివైపు చెమట పట్టి ఉంటే ఇంకా ఆగాలి.

పర్రెలు, అదురు

ఓపెన్‌కాస్ట్ పక్కన ఇల్లుంటే గోడమీద కనిపించిన ప్రతి గీతకూ బ్లాస్టింగే కారణమనిపిస్తుంది. కొన్ని దానివే, అన్నీ కావు. గోడను సిద్ధం చేసేవాడు వాటిని వేరుచేసి చదవాలి, ఎందుకంటే ఒక్కో పర్రెకు మందు వేరు.

సాలెగూడులా అల్లుకున్న సన్న గీతలు సిమెంటు పూత త్వరగా ఆరడం వల్ల వచ్చేవి. రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, ఆ ఎండలో పూసి సరిగా తడపని గోడలన్నిటికీ ఇవి ఉంటాయి. ప్రమాదం లేనివి, మంచి ప్రైమర్, సాగే గుణమున్న రంగు వాటిని కప్పేస్తాయి. స్లాబ్ కింద గోడంతా అడ్డంగా పోయే గీత ఎండకు స్లాబ్ సాగి, రాత్రి కుదించుకోవడం వల్ల వస్తుంది. అది రోజూ కదిలే పర్రె, సిమెంటుతో పూడిస్తే మళ్లీ విచ్చుకుంటుంది. అక్కడ రబ్బరులా సాగే యాక్రిలిక్ సీలెంట్ కావాలి. స్తంభానికి, ఇటుకగోడకు మధ్య నిలువు గీతకూ అదే. కిటికీ, దర్వాజ మూలల నుంచి ఏటవాలుగా పోయే పర్రెలు పునాది దిగడం వల్ల రావచ్చు, అదురు వల్లా రావచ్చు. వీటిలో ఏదైనా వెడల్పుగా ఉన్నా, గోడ అవతలివైపూ అదే గీత కనిపించినా రంగు పని ఆపి ఇంజనీరుకు చూపించాలి.

అదురుకు లెక్క ఉంది. గనుల భద్రతా డైరెక్టరేట్ (డీజీఎంఎస్) 1997లో ఇచ్చిన 7వ నంబరు సర్క్యులర్ ప్రకారం, గని యాజమాన్యానికి చెందని ఇళ్ల దగ్గర నేల కదలిక వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు, అదురు సెకనుకు 8 ఊపుల లోపు ఉంటే. 8 నుంచి 25 ఊపులైతే 10 మిల్లీమీటర్లు, 25 దాటితే 15. నెమ్మదిగా ఊగే అదురు ఇంటి సహజమైన ఊపుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి దానికి హద్దు తక్కువ. యాజమాన్యానికే చెందిన, కొంతకాలమే వాడే ఇళ్లకు ఆ హద్దులు 10, 15, 25. ఒకే మేస్త్రీ ఒకే ఇటుకతో కట్టినా క్వార్టర్ గోడ సొంతింటి గోడకంటే ఎక్కువ ఓర్చుకోవాలని నియమం అంటోందన్నమాట. పాడైతే బాగుచేసుకోవాల్సిందీ యాజమాన్యమే కాబట్టి అందులో లెక్క తప్పలేదు, కానీ క్వార్టర్‌లో ఉండేవాడు చదివితే ఒక్క క్షణం ఆగుతాడు.

పర్రె కదులుతోందా ఆగిపోయిందా తెలుసుకోవడానికి దాని రెండు కొసల్లోనూ పెన్సిల్‌తో అడ్డగీత గీసి పక్కన తేదీ రాయడం చాలు, వెడల్పు దగ్గర స్కేలు పెట్టి ఫోటో తీసుకుంటే ఇంకా మంచిది. రెండు మూడు నెలల తర్వాత గీత దాటి పోకపోతే నిశ్చింతగా పూడ్చవచ్చు. రంగు వేయించే ఆలోచన వేసవిలోనే వస్తుంది గనక ఈ గీతలు అప్పుడే గీసుకుంటే దసరా నాటికి జవాబు దొరుకుతుంది. ఎప్పుడైనా అదురు గురించి ఫిర్యాదు చేయాల్సి వచ్చినా ఈ తేదీలే పనికొస్తాయి. కొత్త రంగు కింద పర్రెలన్నీ కప్పేశాక ఏది పాతదో ఏది కొత్తదో ఎవరూ చెప్పలేరు.

గోడంతా సుత్తి పిడితో తట్టుకుంటూ పోవాలి. గట్టి పూత టక్కుమంటుంది, ఇటుకను వదిలేసిన పూత బోలుగా మోగుతుంది. బాయిలో పైకప్పు తట్టి చూసిన చెవికి ఈ తేడా చెప్పనక్కర్లేదు. బోలు మోగినంత మేరా చతురస్రంగా కోసి తీసి, ఇటుక తడిపి, కొత్తగా పూసి, వారం రోజులు నీళ్లు కొట్టి, ఆరనివ్వాలి. సన్న పర్రెను కూడా ఉన్నదున్నట్టు మీద లప్పం రాసి మూస్తే లప్పం లోపలికి దిగదు. లప్పం పట్టీ కొసతో ‘వి’ ఆకారంలో తెరిచి, లోపలి పొడి ఊది, నింపాలి.

లప్పం, ప్రైమర్

బయటి గోడకు అద్దంలాంటి నునుపు రావాలన్న మోజు ఈ మధ్య పెరిగింది. దాని కోసం గోడంతా లప్పం దట్టంగా పెట్టిస్తున్నారు. లోపలి గదులకు అది బాగుంటుంది. బయట ఎండకు, వానకు మందపాటి లప్పమే మొదట పెచ్చులూడుతుంది. తెల్ల సిమెంటు లప్పం రెండు పూతలు కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు మించకుండా ఉంటేనే పట్టుకుంటుంది. గుంటలు అంతకంటే లోతుంటే ముందు సిమెంటుతో నింపాలి. సుద్దతో, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేసే లోపలి లప్పాన్ని ఎంత కొద్దిగానైనా బయట వాడకూడదు, నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. గరుకు పూత ఉన్న గోడ చదునుగా ఉంటే దానికి లప్పమే అక్కర్లేదు, దుమ్ము పట్టడం ఒక్కటే దాని లోపం. ఇక్కడ అది చిన్న లోపం కాదని ఒప్పుకోవాలి. కాబట్టి ఈ ప్రాంతంలో పలచని లప్పం పూత ఒకటి పెట్టి గరుకును కొంత తగ్గించడం మధ్యేమార్గం.

సిమెంటు లప్పం పెట్టే ముందు గోడను కొద్దిగా తడపాలి, లేకపోతే గోడ నీటిని లాగేసుకుని లప్పం పిండిగా మిగులుతుంది. ఆరాక గరుకు కాగితంతో రుద్దితే లేచే పొడి సన్నని తెల్ల దుమ్ము. ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే అది ఆగదు, మంచి మాస్కు కావాలి. ఆ పొడిని తుడవకుండా ప్రైమర్ కొట్టడం చాలా చోట్ల చూస్తాం.

ప్రైమర్ పని రంగుకు పట్టు ఇవ్వడం, గోడ అంతటా నీటి పీల్పును సమానం చేయడం. కొత్తగా పూసిన మచ్చలు ఎక్కువ పీలుస్తాయి, పాత గోడ తక్కువ. ప్రైమర్ లేకపోతే ఆ మచ్చలు రంగులోంచి నీడల్లా కనిపిస్తాయి. బయటికి బయటి ప్రైమరే వాడాలి. పని నాణ్యతకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 2395ను ఇచ్చింది, కాంక్రీటు, ఇటుక, పూత గోడలకు రంగు వేసే విధానం అందులో ఉంది. గుత్తేదారుతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకునేవాళ్లకు దాని నంబరు రాయడం చాలు, సగం వాదనలు తగ్గుతాయి.

గ్రిల్స్, రేకులు, పాత ఎనామిల్

గేట్లు, కిటికీ గ్రిల్స్ తుప్పును గీకి, అదే రోజు రెడ్ ఆక్సైడ్ కొట్టాలి, మర్నాటికి వదిలితే మళ్లీ తుప్పు మొలుస్తుంది. పాత ఎనామిల్‌ను మాత్రం జాగ్రత్తగా చూడాలి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నియమం మన దేశంలో 2016లో వచ్చి 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లోనే ఆపేశారు. అంటే మన నియమం అమల్లోకి రాకముందు ఇక్కడి ఇళ్లలో వేసిన పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం గట్టిగా ఉంది. వాటిని పొడిగా రుద్దితే ఆ దుమ్ము పిల్లల చేతుల ద్వారా నోట్లోకి పోతుంది. నీళ్లు చల్లి తడిగా రుద్దాలి, మంటపెట్టి కాల్చకూడదు, పెచ్చుల్ని ప్లాస్టిక్ పట్టాలో పట్టి తీసేయాలి, పిల్లల్ని, గర్భిణుల్ని ఆ రోజు దూరంగా ఉంచాలి. సిమెంటు రేకుల కప్పు ఉన్న ఇళ్లలో రేకుల్ని బ్రష్‌తో పొడిగా తోమకూడదు. వాటిలో చాలావాటికి ఆస్‌బెస్టాస్ పీచు ఉంటుంది, తడిపి మెత్తగా తుడవాలి.

కాలం, వేళ

అక్టోబర్ రెండోవారం నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వానాకాలం వెళ్లిపోయి గోడ ఆరుతుంది, ఎండ మండదు. సింగరేణిలో లాభాల వాటా కొన్నేళ్లుగా దసరా ముందు చేతికి వస్తోంది కాబట్టి సున్నం, రంగుల సందడీ అప్పుడే. కానీ ఆ తొందరలో పండగకు వారం ముందు మొదలుపెట్టి అయిదు రోజుల్లో ముగించే ఇళ్లలో ఎగిరిపోయేది గోడను సిద్ధం చేసే భాగమే. పండగ తర్వాత మొదలుపెట్టే ఇంటికి పనివాళ్లు తీరిగ్గా దొరుకుతారు.

చలికాలంలో మంచు ఆరేదాకా, అంటే తొమ్మిది పది గంటల దాకా, గోడకు రంగు ముట్టించకూడదు. ఎండాకాలంలో అయితే పొద్దున పడమటి గోడ, మధ్యాహ్నం తూర్పు గోడ, అంటే నీడ ఎటుంటే అటు. చెయ్యి పెట్టలేనంత కాలే గోడమీద రంగు ఆరిపోతుంది గానీ అంటుకోదు. ఓపెన్‌కాస్ట్ దగ్గరి ఇళ్లవాళ్లు బ్లాస్టింగ్ వేళ కూడా లెక్కేసుకోవాలి. సైరన్ మోగాక లేచే దుమ్ము తడి రంగు మీద పడితే మళ్లీ రుద్దడమే. చివరి పూతను ఆ వేళకు ముందే చేతికి అంటనంతగా ఆరేలా చూసుకోవాలి.

గోవ, కొలత, కూలి

రెండంతస్తులకు నిచ్చెన చాలదు, గోవ (పరంజా) కట్టాలి. కర్రల గోవ అయితే ముళ్లు, తాళ్లు రోజూ పొద్దున చూసుకోవాలి. ఇంటి ముందు నుంచి పోయే కరెంటు తీగకు ఇనుప నిచ్చెన, పొడుగు రోలర్ కర్ర తగలడం వల్ల ప్రాణాలు పోతున్నాయి. ఆ వైపు పని చేసేటప్పుడు లైన్ ఆపించాలి, లేదా ఆ తీగ మీద కవచం వేయించాలి.

రంగుపని ఎక్కువగా చదరపు అడుగు లెక్కన కుదురుతుంది. 25 అడుగులు, 30 అడుగులు కొలతల ఇంటికి చుట్టుకొలత 110 అడుగులు. పది అడుగుల ఎత్తుకు 1,100 చదరపు అడుగులు. దీంట్లో ఇంటాయన మరిచిపోయేది పిట్టగోడ. మూడడుగుల పిట్టగోడకు లోపలా బయటా రెండు ముఖాలు కలిపితే ఇంకో 660. గోడలో సగం కంటే ఎక్కువ. వాన నేరుగా తగిలేది, అందుకే ముందుగా పాడయ్యేదీ అదే. బేరంలో దాని మాట రాకపోతే చివరికి లోపలి ముఖాన్ని వదిలేస్తారు, రెండేళ్లకు చెమ్మ అక్కడి నుంచే దిగుతుంది.

కడగడం, గీకడం, పర్రెలు తెరవడం రంగు కింద దాగిపోయే పనులు. చదరపు అడుగు రేటులో ఇవన్నీ కలిపేస్తే పనివాడికి అవి తొందరగా వదిలించుకోవాల్సిన భారం అవుతాయి. గోడ సిద్ధం చేసే పనికి వేరుగా, రోజు కూలి లెక్కన కుదుర్చుకుని, అది పూర్తయ్యాక ప్రైమర్ కొట్టే ముందు ఇంటివాళ్లు ఒకసారి గోడచుట్టూ తిరిగి అరచేత్తో రుద్ది, సుత్తి పిడితో తట్టి, అక్కడక్కడ టేపు అతికించి ఒక్క ఊపున లాగి చూడాలి. టేపుకు పెచ్చు వస్తే ఆ చోట మళ్లీ గీకుడే. ఆ లెక్కన సాధారణ ఇంటికి ఈ పని రంగు పూతలకంటే ఎక్కువ రోజులు పడుతుంది. రంగు మూడు రోజుల్లో అయిపోతే మేస్త్రీని నిలదీసే ఇంటివాళ్లు, గీకుడుకు వారం పట్టినప్పుడు కూడా అలాగే నిలదీస్తారు. రెండోసారి మాత్రం అతని వైపే న్యాయం ఉంటుంది.